నాలుగు సీసాల నీళ్ళు

బుక్కరాయసముద్రం,
జూన్ 3

నీటి పరీక్షశాల అధికారి దేవేంద్ర గారికి,

నమస్కారం. ఫోనులో చెప్పిన మాట ఎవరికీ గుర్తుండదని ఉత్తరం రాస్తున్నాను. మాకు నూట ఇరవై చీనీ చెట్లున్నాయి, బత్తాయి అంటారే అవే. రెండేళ్ళుగా ఆకుల అంచులు మాడుతున్నాయి. నేల మీద తెల్లటి పొర కడుతోంది. నీళ్ళు పెడితే ఇంకడం లేదు, సిమెంటు గచ్చు మీద నిలిచినట్టు నిలుస్తున్నాయి. వచ్చే ఏడు కాపు రావాలి. ఈ తోట పోతే మాకు ఇంకొకటి లేదు.

మా బోరు నీళ్ళు సీసాలో పోసి పంపుతున్నాను. ఆఫీసుకు మురికి నీళ్ళు పంపడం మర్యాద కాదు కనుక నాలుగు మడతల గుడ్డతో వడగట్టి, కాచి, చల్లార్చాను.

ఇట్లు,
హనుమక్క

తా.క.: సీసా నిమ్మకాయ ఊరగాయది. రెండుసార్లు కడిగాను. వాసన రాదు.

అనంతపురం,
జూన్ 10

హనుమక్క గారికి,

మీ నీళ్ళ ఫలితం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇంత ఉప్పు నా ఉద్యోగంలో చూడలేదు. ఇందులో ఊరగాయ పాలెంతో, బోరు పాలెంతో తేల్చలేను. పైగా కాచితే నీళ్ళలోని సున్నం గిన్నె అడుగున దిగిపోతుంది. మిగిలేవి మీ బోరు నీళ్ళు కావు.

మోటారు అరగంట ఆడించి, అదే నీళ్ళతో కొత్త సీసాను మూడుసార్లు కడిగి, నింపి పంపండి. ఫలితం తేలేవరకు ఆ బోరు ఆపండి.

భవదీయుడు,
దేవేంద్ర

తా.క.: వాసన వస్తోంది. మా ల్యాబులో పనిచేసే చంద్రిక సీసా మూత తీసి, మధ్యాహ్నం భోజనం పదిన్నరకే చేసేసింది.

బుక్కరాయసముద్రం,
జూన్ 14

అయ్యా,

మీ ఉత్తరం చదివాను. చెట్లకు ఇన్నాళ్ళూ ఉప్పు పోశామా! మా ఆయన తిమ్మప్పకు చదివి వినిపిస్తే, "అయిపోయింది పో, తోట మునిగినట్లే" అని అరుగు మీద కూలబడ్డాడు. వెంటనే మోటారు ఫ్యూజు పీకించి బీరువాలో పెట్టాను.

రెండో సీసా పంపుతున్నాను. కొత్తది. లెక్కపెట్టి మూడుసార్లు కడిగాను.

నమస్కారాలతో,
హనుమక్క

తా.క.: మోటారు ఆడించమని మీరే రాశారు, ఆపమనీ మీరే రాశారు. అధికారి రెండు మాటలు చెప్పినప్పుడు చివర చెప్పినదే పాటించాలి కదా. అందుకని మోటారు వేయలేదు. ఇవి మేము తాగే క్యాను నీళ్ళు.

అనంతపురం,
జూన్ 21

అమ్మా,

మీ తా.క. కాగితం వెనక వైపు ఉంది. అది చూసేలోపే పరీక్ష అయిపోయింది. "ఇంత మంచి బోరు యాడ పడింది సార్!" అని చంద్రిక కేక వేస్తే, నేను పై ఆఫీసుకు ఫోను కూడా చేశాను. వాళ్ళు మీ తోట చూడటానికి వస్తామన్నారు. ఇప్పుడు వద్దనడానికి కారణం వెతుకుతున్నాను.

మంగళవారం నేనే వస్తున్నాను. ఫ్యూజు పెట్టి ఉంచండి. సీసా నేనే తెచ్చుకుంటాను.

దేవేంద్ర

తా.క.: దయచేసి ఏమీ కడగకండి.

అనంతపురం,
జూలై 1

అమ్మా,

ఇది రాయడానికి చేయి రావడం లేదు. ఆ రోజు మీరు వంటింట్లో ఉండగా, తిమ్మప్ప గారు తోటలో చూపించిన పైపు దగ్గర నా చేతులతో పట్టిన నీళ్ళివి. ఇక సందేహం లేదు. వీటిలో సోడియం విపరీతంగా ఉంది. ఇలాంటి నీళ్ళు మట్టిని బిగదీస్తాయి. తడి లోపలికి దిగదు, వేళ్ళకు గాలి అందదు. ఈ నీళ్ళతో మీ చీనీ బతకదు.

విచారంతో,
దేవేంద్ర

తా.క.: ఆ రోజు మీరు చేసి పెట్టిన ఓళిగలు చాలా బాగున్నాయి. తిన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

బుక్కరాయసముద్రం,
జూలై 8

అయ్యా,

మీ కాగితం వచ్చిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. చెట్లు కొట్టేద్దామని తిమ్మప్ప గొడ్డలి తీసుకొని పోయాడు. గంట తర్వాత చూస్తే మొదటి చెట్టు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఏమని అడిగితే అప్పుడు నోరు విప్పాడు.

"నీకు చెప్పలేదులే. మన నీళ్ళు పరీక్షలో తప్పినాయి కదా. సారు వస్తాండాడని పక్క తోట యేసన్న పైపు చూపించినా. ఆయన నీళ్ళైతే పాసయితాయనుకుంటి."

"యేసన్న పైపు మన తోటలో ఏం పని?"

"రెండేండ్లుగా ఆడే ఉండాది. మన బోరు సన్నగా పోస్తాందని వారానికి నాలుగు రోజులు ఆయన నీళ్ళే పెడతాండా. నువ్వు ఫ్యూజు పీకినంక ఏడు రోజులూ అవే."

ఏ నీళ్ళు చెట్లను చంపుతున్నాయో వాటినే దాచి, ఏ పాపం ఎరగని మా బోరును నేను ఆపుతుంటే చూస్తూ ఊరుకున్నాడు!

మరునాడు మోటారు అరగంట ఆడించి, నాలుగో సీసా నేనే నింపి, బస్సెక్కి మీ ఆఫీసుకు తెచ్చాను. మీరు క్యాంపులో ఉన్నారు. చంద్రిక సాయంత్రం దాకా కూర్చోబెట్టి, పరీక్ష చేసి, "సన్నగా పోసినా మంచి నీళ్ళక్కా. డ్రిప్పుతో ఇవే పెట్టండి. బిగిసిన నేలకు జిప్సం వేసి వాన నీళ్ళు ఇంకనియ్యండి, చెట్లు తేరుకుంటాయి" అంది. ఆఫీసని కూడా చూడకుండా ఏడ్చేశాను.

గొడ్డలి అటక మీదికి పోయింది. యేసన్న పైపు చుట్ట చుట్టి ఆయన గట్టు మీద పెట్టి వచ్చాను.

మీ మేలు మరువని,
హనుమక్క

తా.క.: "రెండేండ్లు ఊరికే వాడుకొని, ఇప్పుడు మా నీళ్ళు బాగలేవంటారా?" అని యేసన్న ఇంటి మీదికి వచ్చాడు. ఆయన బోరు నీళ్ళే ఒక గ్లాసు ముందు పెట్టి తాగమన్నాను. గ్లాసు వైపు చూసి, "ఇప్పుడు దప్పిక లేదులే అక్కా" అని చెప్పులు వేసుకున్నాడు.