తాడు చివరి ముడి

లాల్‌దర్వాజా,
కార్తీక సోమవారం.

చిరంజీవి నందినికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేను, మీ బాపు, అంజన్ మామ, కొట్టంలో బర్రెలతో సహా అందరం కులాసా. ఆ కొండల మీద చలిలో కాపలా కాస్తున్న నువ్వూ, నీ తోటి పిల్లలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. క్షేమమని మొదటే రాసేశాను, అది ఆనవాయితీ. చివరిదాకా చదివాక నన్ను ఎంతైనా తిట్టుకో, మధ్యలో మాత్రం ఆపకు.

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటి, వరసలు మెట్లు దిగుతున్నాయేమిటి అని నవ్వుకుంటూ ఉంటావు. స్కెచ్ పెన్నుతో రాస్తున్నాను. ఫోన్లో చెప్పవచ్చు కదా అంటావేమో. మీ చౌకీలో సిగ్నల్ దొరికే కాసేపట్లో తిన్నావా, పడుకున్నావా అనడానికే సరిపోతుంది. పైగా నా గొంతు వింటే సగంలోనే పసిగడతావు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. గౌరి ఈనింది. దుడ్డె పుట్టింది, నుదుటి మీద తెల్లమచ్చ. మీ బాపు దానికి నీ పేరు పెడతానన్నాడు, నేను ఒప్పుకోలేదు. రోజూ ఆయన దాన్ని తిట్టే తిట్లన్నీ నీకు తగులుతాయని నా భయం. కొత్త అద్దాలు చేయించుకున్నావా అని అడిగావు. అద్దాల సంగతి తర్వాత రాస్తాను.

తోడు సంఘం వాళ్ళు ఇప్పుడు ఎక్కడెక్కడ తిరుగుతున్నారు, బాలరాజ్ మామ ఎట్లా ఉన్నాడు అనీ అడిగావు. నందూ, బాలరాజ్ లేడు. ఎండాకాలంలో పోయాడు. కుర్చీ అల్లుతూ అల్లుతూ పక్కకు ఒరిగాడు, అంతే. దూరాన ఒంటరిగా ఉన్నావని నీకు చెప్పలేదు. ఆయన చేతుల్లో ఎప్పుడూ ఉండే నానిన బెత్తం వాసన నీకు గుర్తుందా? అది గుర్తుంచుకో, మళ్ళీ రాస్తాను.

మా సంఘం తాడు సంగతి నీకు తెలిసిందే అయినా మొదటి నుంచీ రాస్తాను, రాస్తుంటే నాకు ధైర్యంగా ఉంది. నెలకో ఆదివారం స్రవంతి తన మూడు చక్రాల బండి మీద ముందు పోతుంది. చూపు లేనివాళ్ళంతా వెనక ఒక తాడు పట్టుకుని వరసగా నడుస్తారు. ఆ తాడు మన కొట్టంలోదే, నువ్వే తీసి ఇచ్చావు. మనిషికో ముడి చొప్పున బాలరాజే వేశాడు. కొస లోపలికి దూర్చేస్తాడు, ఎంత తడిమినా దొరకదు. ఎవరి ముడి వాళ్ళదే. ఒకరిది ఇంకొకరు పట్టరు, విప్పరు. మనిషి రాకపోతే ఆ ముడి ఖాళీగా నడుస్తుంది. ఆగిన చోటల్లా స్రవంతి "తాడు పలకాలె" అంటుంది. ముందు నుంచి ఒక్కొక్కరే పేరు చెబుతారు. చివర బాలరాజ్ పేరు చెప్పడు, "తోక నేనే" అంటాడు. ఆ మాట వింటే అందరూ వచ్చేసినట్టు.

నువ్వు సెలవుకు వచ్చినప్పుడు సరదాకు కళ్ళు మూసుకుని ఆయన వెనక తాడు పట్టుకున్నావు. "నీ నడక మీ అంజన్ మామ నడక లెక్కనే ఉన్నది బిడ్డా" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆయన పోయాక ఆ ముడి అలాగే ఉండిపోయింది. అంజన్ మామ దానికి ముందు, నేను దాని వెనక నడిచేవాళ్ళం. బండి వస్తుందా, గుంత ఉందా అని చూసి చెప్పడం నా పని. అలాగే తిరిగాం. ఒక మ్యూజియంకు పోతే అక్కడి గార్డు, ముట్టుకోరాదని రాసి ఉన్న బోర్డును మావాళ్ళకు వేలు పెట్టి చూపించాడు. నేను ఆ సంగతి చెబితే ఎల్లమ్మ పడీ పడీ నవ్వింది. అవ్వకు పుట్టుకతోనే చూపు లేదు, నవ్వుకు మాత్రం కరువు లేదు.

ఆషాఢంలో లాడ్‌బజార్‌కు గాజులకు పోయాం. ఆ రోజు మొదలైంది. సందులో నడుస్తుంటే అంజన్ మామ ఆగాడు.

"అక్కా, తోక ఎవలు పట్టుకున్నరు?"

నేను చూశాను. ఎవ్వలు లేరు తమ్మీ, ఉత్తగనే ఏలాడుతున్నది అన్నాను.

"ఉత్తదైతే గింత బరువెందుకున్నది?"

ఎవరి కాలో పడి ఉంటుందిలే అని సర్ది చెప్పాను. కానీ ఆ అత్తరు దుకాణాల మధ్య, అన్ని వాసనల్లోనూ, నా ముక్కుకు నానిన బెత్తం వాసన తగిలింది. అది నా భ్రమే అనుకుని ఇంటికి వచ్చాక తలంటు పోసుకున్నాను.

చవితికి ముందు ధూల్‌పేట్ పోయాం. అక్కడ పింటూ అని ఒక విగ్రహాలాయన ఉన్నాడు, స్రవంతికి తెలిసినవాడు. రంగులు వేస్తే ముట్టుకోవడం కుదరదు, వేయకముందే మావాళ్ళను తీసుకురమ్మన్నాడు. "ఆవో జీ, హాత్ లగాకే దేఖో, ముట్టి సూడుండ్రి, మీ దేవుడే గద" అంటూ లోపలికి పిలిచాడు. బండి పట్టదని స్రవంతి బయటే ఆగింది. తార్పాలిన్ కప్పిన పొడుగాటి కొట్టం. రెండు పక్కలా విగ్రహాలు, మధ్యలో మనిషి ఒరుసుకుంటూ పోయేంత దారి. కళ్ళు చివరన దిద్దుతారు కదా, ఏ దేవుడికీ ఇంకా కళ్ళు లేవు. కళ్ళు లేని దేవుళ్ళ ముఖాలను మావాళ్ళు తడుముతున్నారు. తొండం, చెవులు, బొజ్జ అని పిల్లల్లా చెప్పుకుంటున్నారు. చూడ్డానికి అందంగానే ఉంది. నేను మాత్రం ఆ ముఖాల మీంచి చూపు తిప్పుకున్నాను.

అంతలో కరెంటు పోయింది. వాన మబ్బు, పైన తార్పాలిన్, చీకటి గుయ్యారం. మావాళ్ళకు చీకటీ వెలుగూ ఒక్కటే, వాళ్ళు నవ్వుతున్నారు. పింటూ మనుషులు మాత్రం టార్చీ ఏదిరా అని లొల్లి పెట్టారు. వెనక్కి పోవాలి. ఇరుకు దారిలో తాడు మళ్ళదు. అట్లాంటప్పుడు అందరూ నిలబడ్డ చోటే వెనక్కి తిరుగుతారు. తోక తల అవుతుంది. అంటే ముందు నేను. పోయినాయన ముడి నేను పట్టుకోక తప్పలేదు.

నాకు ఏమీ కనిపించలేదు నందూ. కరెంటు పోతే ఎవరికైనా కాసేపు కనిపించదు, తర్వాత మసకగా ఆనుతుంది. నాకు ఎంతసేపు ఆగినా ఏదీ ఆనలేదు. ఆ మాట పైకి అని ఉంటే అందరం అక్కడే ఆగిపోయేవాళ్ళం. అనలేదు. దా తమ్మీ అని అడుగు వేశాను. వెనక మామ, ఆయన వెనక ఎల్లమ్మ, ఆ తర్వాత మిగతావాళ్ళంతా నన్ను నమ్మి నడుస్తున్నారు.

నాలుగడుగులు వేశానో లేదో, నా చేతిలోని తాడు బిగిసింది. వెనక నుంచి కాదు. ముందు నుంచి. ఆ ముడి తర్వాత జానెడు కొస ఉత్తగా వేలాడుతుంటుంది, చూశావు కదా. ఆ కొస నిటారుగా లేచి నన్ను ఎడమకు లాగింది. బర్రె పలుపు పట్టి లాగినట్టు, మొండిగా. నేను ఆగితే అదీ ఆగేది. నేను కదిలితే లాగేది. నానిన బెత్తం వాసన ముఖానికి కొట్టింది. ఎటు లాగితే అటే పోయాను. తార్పాలిన్ తెర తగిలింది, తొలగించాను, వెలుగు.

పింటూ టార్చీతో వెనకే పరుగెత్తుకొచ్చాడు. మట్టి నానబెట్టే గుంత దారికి కుడి పక్కనే ఉందట, మనిషి లోతు. పక్కనున్న చెక్క దారి మీంచి మేమంతా తడబడకుండా వచ్చేశామట. అక్కడ తను పగలే పడ్డానని, నీకు పిల్లి కండ్లున్నట్టున్నయమ్మా అని నన్ను మెచ్చుకున్నాడు. నేను తల ఊపాను.

స్రవంతి బండి మీంచే తాడు పలకాలె అంది. తాడు తిరగబడింది కాబట్టి ముందు నేను పలకాలి. నోరు పెగల్లేదు. ఈలోగా మామ అంజన్ అన్నాడు, ఎల్లమ్మ తన పేరు చెప్పింది, అలా అందరూ అయిపోయారు. అందరు వచ్చిన్రు, దేవునికి శుకర్ అంది స్రవంతి. నేను పలకలేదు కదా అని దగ్గరికి పోయి అడిగాను.

"పలికినవు గదా లలితక్కా. తోక నేనే అన్నవు. పోయినోని మాట అట్ల ఎకసెక్కం చెయ్యొద్దక్కా, మంచిగుండదు."

నేను నోరు తెరవలేదు తల్లీ. నీ దగ్గర నాకు అబద్ధం లేదు.

అబద్ధం లేదని రాశాను, కానీ ఒక అబద్ధం ఉంది. ఆ సాయంత్రం అంజన్ మామ దాన్ని బయట పెట్టాడు. నేను పాలు పిండి వచ్చి కూర్చుంటే పక్కకు చేరి, మెల్లగా అడిగాడు.

"అక్కా, నీకు ఎప్పటి సంది కనిపిస్తలేదు?"

ఏంది తమ్మీ గట్లంటవ్ అని దబాయించాను. ఆయన తగ్గలేదు. "కాలి కొస ముందు పెట్టి నడుస్తున్నవు. నాకు చూపు పొయ్యేటప్పుడు నేను గట్లనే నడిచిన. నాకు చెవుల్లేవా?"

అప్పుడు ఏడుపొచ్చింది. చాన్నాళ్ళుగా నాకు పక్కచూపు లేదు నందూ. పైపులోంచి చూసినట్టు ఎదురుగా ఇంత మేరే కనిపిస్తుంది, చీకటి పడితే అదీ లేదు. అద్దాలతో పోయేది కాదు కాబట్టే అద్దాలు చేయించుకోలేదు. లాడ్‌బజార్‌లో తోక ఎవరూ పట్టుకోలేదని చెప్పానే, ఆ రోజు నాకు కనిపించింది తాడు ఒక్కటే. తాడు పక్కన మనిషి నిలబడి ఉన్నా నాకు ఆనడు. చెబితే తాడు వెనక నా చోటు పోతుందని, నేను లేనిదే మామను గడప దాటనివ్వరని దాచాను. అంతమంది ప్రాణాలు నా చేతిలో పెట్టుకుని దాచాను. నేను చూడాల్సిన గుంతను పోయినాయన వచ్చి చూడాల్సి వచ్చింది. సిగ్గేస్తోంది.

మరుసటి వారమే మామా నేనూ కళ్ళ ఆసుపత్రికి పోయాం. మామకు వచ్చిందే నాకూ వచ్చిందట. రక్తంలో ఉంటుందట. మొదట రేచీకటిలా మొదలవుతుందట, మందు లేదట. పిల్లలున్నారా, వాళ్ళకూ చూపించండి అంది డాక్టరమ్మ. మీ బాపుకు చెప్పాను. ఆయన లేచి వెళ్ళి గుమ్మానికి అడ్డంగా ఉన్న పాల క్యాన్లన్నీ గోడవారకు జరిపాడు. మామకు చూపు పోయినప్పుడు మా నాయన చేసిన పనే అది.

ఇక నీ ఉత్తరం. అక్షరాలు కూడబలుక్కోవడం కష్టమై స్రవంతి చేత చదివించుకున్నాను. మునిమాపు వేళ గస్తీలో రాళ్ళకు తట్టుకుని పడుతున్నావనీ, నీ తోటి పిల్లలు నిన్ను పొద్దుగూకితే కళ్ళు ఆనని కోడిపిల్ల అని ఏడిపిస్తున్నారనీ నవ్వుతూ రాశావు. స్రవంతి కూడా నవ్వుతూనే చదివింది. మామా నేనూ నవ్వలేదు. మామ చెయ్యి నా మోచేతిని పట్టుకుంది, చాలాసేపు వదల్లేదు.

ఇంకొకటి ఉంది. రాయకూడదనుకున్నాను, కానీ దాచడం ఇక నా వల్ల కాదు. దీపావళి తర్వాత నా సంగతి అందరికీ చెప్పేశాను. ఎవరూ కోప్పడలేదు. లలితమ్మకు గూడ ఒక ముడి ఎయ్యాలె అంది ఎల్లమ్మ. తాడు మామ చేతికి ఇచ్చారు. ఆయన బాలరాజ్ ముడిదాకా తడిమాడు, దాని తర్వాత కొసను తడిమాడు, ఆగిపోయాడు.

"ఏసిన్రు గదా. రెండున్నయి. ఎవలు ఏసిన్రు?"

ఎవరూ వేయలేదు. అప్పటిదాకా తాడు సంఘం గదిలో మేకుకే వేలాడుతూ ఉంది, తాళం చెవి స్రవంతి దగ్గరే ఉంది. జానెడు కొస మీద, బాలరాజ్ ముడి వెనక ఒకటి, దాని వెనక ఇంకొకటి. రెంటికీ కొసలు లోపలికి దూర్చి ఉన్నాయి. తాడు తడిగా ఉంది. గది నిండా ఆ వాసన. ఎల్లమ్మ మొదటిసారి నవ్వలేదు.

మొదటి ముడి నాదని నాకు తెలిసింది. పట్టుకుంటే నా పిడికిలికి సరిపోయింది. రెండోది చిన్నది. నీ పిడికిలి ఎంతో నాకు తెలుసు తల్లీ, దాన్ని పట్టుకునే బడికి తీసుకుపోయాను.

అందరూ పోయాక దాన్ని విప్పబోయాను. గోళ్ళు విరిగాయి. పళ్ళతో లాగాను. కత్తి తెచ్చాను కానీ, మామ వద్దన్నాడు. ఎవరి ముడి వాళ్ళే విప్పాలన్నది మేం పెట్టుకున్న నియమమే.

అందుకే రాస్తున్నాను. నీకు వచ్చి తీరుతుందని ఏమీ లేదంది డాక్టరమ్మ, చూస్తేనే తెలుస్తుందంది. మీ సాబుకు ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఉద్యోగం పోతుందేమోనని దాచకు. నేను దాచి ఎక్కడిదాకా పోయానో చదివావు కదా. అక్కడ లోయల పక్కన చీకట్లో నడిచేదానివి, నిన్ను ఎడమకు లాగడానికి అంత దూరం ఎవరు వస్తారు?

కళ్ళు చూపించుకుని రా. ఏమీ లేదని తేలితే ఆ ముడిని నీ చేత్తో నువ్వే విప్పు, నేను చూస్తాను, నాకు ఇంకా ఎదురుగా కనిపిస్తుంది. ఉందని తేలితే మాత్రం భయపడకు. నీ ముందు ముడి నాదే.

ఇట్లు,
తాడు మీద నీకు ముందు నడిచే
మీ అమ్మ లలితమ్మ