బూరుల్ కడిగిన ఫొటోలు

ఓష్ పట్నం, లారీ డిపో వెనక వీధి కాపురస్తుడిని, కీర్తిశేషుడు కదిరలీ కుమారుడిని, తొక్తోసున్ అనే నేను, డెబ్బై ఆరేళ్ల వయసులో, తెలివి నిలకడగా ఉండగానే, కళ్లు ఇంకా దూరాన్ని సరిగ్గా అంచనా కడుతుండగానే, ఎవరి బలవంతమూ బోధనా లేకుండా నా ఇష్టపూర్వకంగా రాస్తున్న మరణశాసనం. అక్షరాలు వంకరపోతే అది చేతి దోషమే గాని బుద్ధి దోషం కాదని వారసులు గ్రహించవలెను.

ఒకటి. నా స్వార్జితమైన ఇల్లు, ద్రాక్ష పందిరి, పెరటి స్నానాల గదితో సహా, నా తదనంతరం నా కుమారుడు తల్గత్, నా కుమార్తె జిపార్ చెరిసగం అనుభవించవలెను. స్నానాల గది గోడ మీది గోధుమరంగు మరకలు మురికి కావు, ఫిల్ము కడిగే మందువి. సున్నం వేయించేవారు ముందు జిపార్‌ను అడగవలెను.

రెండు. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నా తోటి డ్రైవరు షాకిర్‌కు అప్పగిస్తున్నాను. ఓష్ నుంచి పామీరు కొండల మీదుగా ఖోరోగ్ దాకా పిండి, బొగ్గు మోసిన రోజుల్లో మా లారీలు ఒకదాని వెనక ఒకటి నడిచేవి. “స్టీరింగు మీద ఒక చెయ్యి, కెమెరా మీద ఒక చెయ్యి. నీ శవాన్ని ఏ లోయలో వెతకాలో ముందే చెప్పి పోరా” అని డిపోలో అందరూ వినేలా షాకిర్ అనేవాడు. బండి ఆపకుండా నేను ఒక్క ఫొటో కూడా తీయలేదు. ఈ సంగతి రాతపూర్వకంగా చెబుతున్నాను గనుక ఇక ఆ వాదన ముగిసినట్టే. అతనికి నా పనిముట్ల పెట్టె, దానితోపాటు అతను లారీ కింద దూరి ఉన్నప్పుడు తీసిన ఫొటో ఇస్తున్నాను. అందులో బూట్లు, పక్కన టీ గిన్నె తప్ప మరేమీ కనబడవు. అయినా ఆ బూట్లు ఎవరివో డిపోలో తెలియనివాడు లేడు.

మూడు. స్మేనా అనే నా చిన్న కెమెరా, కోటు జేబులో పట్టే నల్ల ప్లాస్టిక్‌ది, పామీరు దారిలో మొదటి చలికాలపు జీతంతో కొన్నది, జిపార్‌కు చెందవలెను. దానిలోంచి చూస్తే మసకో స్పష్టమో తెలియదు. ఎదుటి మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కంటితోనే తేల్చుకుని లెన్సు తిప్పాలి. జిపార్‌కు ఆ కన్ను ఉంది.

నేను పెళ్లిళ్లు తీయలేదు. జెండా పండుగలు తీయలేదు. పిడకలు పేర్చే ఆడవాళ్లను, లారీ అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకునేవాణ్ణి, మంచు తవ్వి తవ్వి పారకు ఆనుకుని కునుకు తీసే రోడ్డు పనివాణ్ణి తీశాను. మళ్లీ ఆ దారిన వెళ్లినప్పుడు ఎవరి ఫొటో వాళ్లకు ఇచ్చేవాణ్ణి. మా వీధి చివర స్టూడియో కరీంజాన్ వాటిని చూసి, ముఖం కడుక్కుని తీయించుకునేదే ఫొటో అనీ, మిగతాదంతా ఫిల్ము దండగ అనీ తీర్పు చెప్పాడు. అతను ఇప్పుడు లేడు. స్టూడియో మెట్ల మీద కూర్చుని, పుచ్చపండు రసం గడ్డం మీదుగా కారుతుండగా తింటున్న అతని ఫొటో నా దగ్గరుంది. అతని పిల్లలు అడిగితే ఇవ్వవలెను. వాళ్ల నాన్న అంత సంతోషంగా ఉన్న ఫొటో ఆ స్టూడియోలో మరొకటి దొరకదు.

పామీరు దారిలో కారాకుల్ నుంచి ముర్గాబ్ దాకా ఏ ఇంటి అద్దం చట్రంలో దూర్చిన ఫొటో చూసినా అది నాది. ఇది గొప్పలు పోవడమే అయితే, పోతున్నాను.

నాలుగు. ఫిల్ములన్నీ, ఇనప్పెట్టెతో సహా, సర్వహక్కులతో జిపార్‌కే. ఇవి ఎవరి కష్టమో ఇక్కడ రాయాలి.

పైన ‘నాది’ అన్నాను గాని అందులో సగం నా భార్య బూరుల్‌ది. నేను తీశాను, ఆమె కడిగింది. పగలు మందుల దుకాణంలో మందులు కలిపేది. సాయంత్రం స్నానాల గది కిటికీకి బొంత కట్టి, చీకట్లో నా ఫిల్ము కడిగి, ఆపైన ఎర్ర దీపం పెట్టుకుని ఫొటోలు కడిగేది. గుండె బలహీనమని డాక్టర్లు ఆమెను కొండలెక్కవద్దన్నారు. ఆ దారిని ఆమె ఎన్నడూ చూడలేదు. కాని ఎవరింటి పొగగొట్టం ఒరిగిందో, ఎవరి పిల్లాడికి చెప్పులు లేవో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

కారాకుల్ సరస్సు దగ్గర రోడ్డు కాపలా ఇంట్లో మమత్, అతని భార్య ఉల్బోసున్ ఉండేవారు. ‘కొడుకు పుట్టాలి’ అని ఆ పేరుకు అర్థం, ఈసారైనా పుట్టాలని తల్లిదండ్రులు ఆడపిల్లకు పెట్టింది. నేను ఆగినప్పుడల్లా ఉప్పు టీ పోసేది. ఆమె నీళ్లు మోస్తుండగా, పిండి పిసుకుతుండగా, నవ్వుతుండగా తీస్తూ వచ్చాను. ఒక శరదృతువులో బూరుల్ ఆ ఫొటోలను తీగ మీద వరసగా ఆరేసి నన్ను పిలిచింది.

“ఆ చలిలో మెడ గుండీ విప్పుకుని ఎవరుంటారు? నిరుడు పెట్టుకుంది. ఈ ఏడు ఒక్కదాంట్లోనూ పెట్టుకోలేదు. కండువా కూడా పైపైన చుట్టుకుంది. గొంతులో ఏదో ఉంది.”

పరాయివాడి భార్యను కండువా విప్పమని నేనెలా అడగను అన్నాను.

“నువ్వేం అడగక్కర్లేదు. వీటిని మమత్ ముందు వరసగా పరిచి, నోరు మూసుకుని కూర్చో.”

అలాగే చేశాను. మమత్ ఒక చివర నుంచి మరో చివరకు చూశాడు, మళ్లీ మొదటి నుంచి చూశాడు. “రోజూ ఎదురుగా కూర్చుని తింటున్నానే” అని మెల్లగా అన్నాడు. భార్యను పిలిచాడు. ఆమె కండువా తీసింది. ముద్ద మింగుడుపడక చాలాకాలమైందట. చెప్తే మొగుడు కొలువు వదిలి కొండ దిగాల్సివస్తుందని దాచిందట. ఆ రోజే ఇద్దరినీ లారీలో ఎక్కించుకుని ఓష్ ఆసుపత్రికి తెచ్చాను. గొంతులో పెరిగిన కాయను కోసి తీశారు. ఇంకో చలికాలం ఆగితే ఊపిరి అందేది కాదని డాక్టరు చెప్పాడు.

పుండు మానేదాకా ఉల్బోసున్ మా ఇంట్లోనే ఉంది. మాట రాగానే బూరుల్‌ను మొదట అడిగింది, నన్నెప్పుడూ చూడలేదు కదమ్మా, ఎలా తెలిసిందని.

“నీ ముఖం మందు నీళ్లలోంచి పైకి తేలుతుంటే ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నానుగా” అంది బూరుల్.

ఉల్బోసున్ ముస్తాబై స్టూడియోలో కూర్చుని ఉంటే గుండీ పెట్టుకునే ఉండేది. కరీంజాన్‌కు నేను చెప్పిన జవాబు అదొక్కటే.

అయిదు. నా కుమారుడు తల్గత్ రాజధానిలో స్థిరపడినవాడు, మంచివాడు. తల్లి పోయిన మూడేళ్లకు నా ఫొటోలకు అక్కడ ప్రదర్శన పెట్టించాడు. వెళ్లి చూస్తే గోడ మీద నా పేరొక్కటే ఉంది. బూరుల్ పేరు కూడా రాయమన్నాను. అక్కడి నిర్వాహకుడు మర్యాదగానే, “తాతా, ఫొటో తీసినవాళ్లది. కడిగినవాళ్ల పేరు ఎక్కడా రాయరు” అన్నాడు. అయితే దించండి అన్నాను. వచ్చినవాళ్లు టీ గిన్నెలు పట్టుకుని చూస్తుండగానే దింపించి, మూట కట్టి, ఓష్ బస్సెక్కాను. అందరి ముందూ పరువు తీశానని తల్గత్ అన్నాడు. అప్పటినుంచి పండగకు వస్తాడు, తింటాడు, పోతాడు.

నాయనా, నీ పరువు తీయాలని కాదు, మీ అమ్మ పరువు నిలపాలని. నీకు కోపం ఉంటే ఉండనీ. అయిదేళ్ల నువ్వు లారీలో పిండి బస్తాల మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న ఫొటో నీకు ఇస్తున్నాను. దాన్ని కడిగిన రాత్రి మీ అమ్మ ఆరేదాకా కూడా ఆగలేదు, తడిదే తెచ్చి నాకు చూపించింది.

షరతు: ఈ ఫొటోలను ఎవరు, ఎక్కడ ప్రదర్శించినా ‘తీసినది తొక్తోసున్, కడిగినది బూరుల్’ అని ఒకే సైజు అక్షరాలతో రాయవలెను. రాయనిచో అనుమతి చెల్లదు. ఫొటోలోని మనిషి బతికి ఉంటే అతన్నీ అడగవలెను.

ఆరు. నా సమాధి రాయి. మన శ్మశానంలో రాళ్ల మీద పోయినవాళ్ల ముఖాలు చెక్కిస్తున్నారు. అందరివీ పాస్‌పోర్టు ముఖాలే. నాకు అది వద్దు. నేను ఉన్న ఫొటోలే తక్కువ. వాటిలో ఒకటి, పెరట్లో పిండి అంటిన కోటుతో నేను ఎందుకో పగలబడి నవ్వుతున్నది, బూరుల్ సబ్బు చేతులతోనే కెమెరా లాక్కుని తీసింది. జీవితంలో ఆమె తీసిన ఫొటో అదొక్కటే. రాయి మీద దాన్నే చెక్కించవలెను. కుడి మూలన నల్లగా, గుండ్రంగా ఏదో అడ్డు వచ్చి ఉంటుంది. రాయి చెక్కేవాడు దాన్ని పొరపాటనుకుని తీసేయబోతాడు. తీయనివ్వవద్దు. అది ఆమె బొటనవేలు.

2014 సెప్టెంబరు 21, ఓష్.

సంతకం: తొక్తోసున్ కదిరలీ

సాక్షులు:
ఉల్బోసున్, మమత్ భార్య, కారాకుల్
అనార్‌బాయ్, పొరుగింటి కాపురస్తుడు, ఓష్