మేకు కంతలోంచి వచ్చిన సూర్యుడు

నాయినా,

నువ్వు పోయాక ఇది మొదటి సూర్యగ్రహణం. నీ వెల్డింగ్ అద్దం హాల్లో, నా పెట్టెలో ఉంది. నేను మాత్రం పడకగదిలో ఉన్నాను, బయట గొళ్లెం వేశారు. నాకిప్పుడు ఏడో నెల. శామీర్‌పేటలో గ్రహణం పూట కడుపుతో ఉన్నవాళ్లకు ఇప్పటికీ ఇంతే. మూత్రానికి కూడా లేవొద్దట. రాయడమూ తప్పేనట, రాస్తున్నాను.

గదిలో ఎండ పడకూడదని అత్తమ్మ మధ్యాహ్నమే పడమటి కిటికీకి అట్ట కొట్టింది. ఒక మేకు చట్రం తప్పి అట్టలోంచి అవతలికి పోతే పీకేసి, పక్కన ఇంకోటి దిగ్గొట్టింది. సాయంత్రం ఆ పీకిన మేకు కంతలోంచే సూర్యుడు ఎదుటి గోడ మీద రూపాయి బిళ్లంత గుండ్రంగా పడ్డాడు. చూస్తుండగానే ఒక పక్క కొరికినట్టయింది.

నా చిన్నప్పుడు ఓ గ్రహణం పూట, దూలపల్లిలో నీ వెల్డింగ్ షెడ్డు ముందు నా కళ్లకు నీ అద్దం అడ్డం పెట్టి చూపిస్తూ అన్నావు, గుర్తుందా?

"సూర్యుడు గూడ సుక్కనే బిడ్డా. మనం దగ్గరున్నం, గందుకే గంత పెద్దగ కనవడ్తున్నడు. పాలపుంతల గసొంటియి లెక్కలేనన్ని."

తలుపవతలి నుంచి అత్తమ్మ అడిగింది. "సీదా పండుకున్నవా? కాళ్లు చేతులు ముడువకు."

"పండుకున్న అత్తమ్మా," అన్నాను, లేచి ఆ ఎదుటి గోడకు ఆనుకుని.

ఆ కొరికిన సూర్యుడు నా కడుపు మీద పడ్డాడు. లోపలి బిడ్డకు మెల్లగా నీ మాటే చెప్పాను. "గిది గూడ సుక్కనే."

ఇప్పుడు పొద్దు గూకింది. గ్రహణం విడవలేదట. కోట్ల కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చినవాడికి మేకు కంత చాలింది. నాకింకా గొళ్లెం తీయలేదు.