చుక్కాని మీద నాలుగో గీత

హార్న్‌కాజిల్, లింకన్‌షైర్,
12 ఏప్రిల్ 1994, మంగళవారం.

ప్రియమైన సిరిల్‌కు,

నువ్వూ, నీ మోకాళ్ళూ, నీ కోళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తూ విల్ఫ్ రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు కాబట్టి ఉత్తరం రాయక తప్పింది కాదు. దీన్ని కూడా పొయ్యిలో పడేస్తావేమో, పడేసే ముందు ఒక్కసారి చదువు.

నువ్వు షెడ్డుకి రాక మూడు గురువారాలయింది. పదింటి టీ ఇప్పుడు నేనే కాస్తున్నాను. ఇది టీయా, రేడియేటర్‌లోంచి పట్టుకొచ్చావా అని మనవాళ్ళు అడుగుతున్నారు. నీ కప్పు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

అసలు సంగతికి వస్తాను. ఎడారి యుద్ధంలో మనవాళ్ళు పట్టి తెచ్చిన, షెడ్డులో మనం బాగుచేస్తున్న జర్మన్ విమానం ఒంటి మీద దొరికిన నంబరు పట్టుకుని నేను వాళ్ళ దేశానికి రాయడం, దాన్ని నడిపినవాడు బతికే ఉన్నాడని జవాబు రావడం, ఈ నెల ఇరవై మూడున చూడ్డానికి వస్తానని అతను అనడం, అన్నీ నీకు తెలిసినవే. ఆ రోజు నువ్వు స్పానర్ బల్ల మీద పెట్టేసి, మా లెన్‌ని చంపినవాడికి నేను టీ పొయ్యాలా అని అడిగి వెళ్ళిపోయావు. తోక చుక్కాని మీద తొమ్మిది గీతలు, కూల్చిన ఒక్కో విమానానికి ఒక్కోటి. నాలుగోదాని కింద 14.6.42 అనీ, కూల్చిన చోటు పేరూ. ఎడారిలో ఆ రోజు ఆ చోట కూలింది మీ అన్నయ్య విమానం ఒక్కటే. నీ కోపంలో తప్పు లేదు.

కానీ సిరిల్, అతను కాదు.

అతని పేరు లూడ్గర్ రేబైన్. ఓస్నాబ్రూక్‌లో వడ్రంగి. ఆ జూన్‌లో ఎక్కడున్నావయ్యా అని నేను సూటిగానే అడిగాను. విమానం దింపడం నేర్చుకుంటున్నాను, రెండు చక్రాలు విరగ్గొట్టి మా గురువు చేత తిట్లు తింటున్నాను అని రాశాడు. ఆఫ్రికాకి వచ్చింది అక్టోబరు నెలాఖరున. మూడోసారి ఎగిరినప్పుడే నూనె కారిపోయి ఇంజను పట్టేసిందట. ఇసుకలో దించితే తోక రాయికి కొట్టుకుని చుక్కాని ఊడిపోయింది, మనవాళ్ళు అతన్ని పట్టుకున్నారు. తన చుక్కాని మీద ఒక్క గీత కూడా లేదట, ఈ తొమ్మిదీ నాకెవరు పెట్టారండీ అని తిరిగి నన్నే అడిగాడు. ఎగిరిన రోజులన్నీ రాసుకున్న పుస్తకంలోంచి పేజీల నకలు పంపాడు. దీంతో పెడుతున్నాను, నువ్వే చూసుకో.

అది చూశాక గత గురువారం చుక్కాని విప్పాను. లోపలి ఊస మీద కొట్టిన నంబరు ఒంటి నంబరుతో కలవలేదు. గరుకు కాగితంతో రంగు పొరలు గీకి చూశాను. పైన అప్పట్లో మనవాళ్ళు గీతలు వదిలేసి పూసిన పసుపు రెంటికీ ఒకటే. దాని కింద ఒంటిదొక ఛాయ, చుక్కానిది ఇంకో ఛాయ. నువ్వప్పటికి బడిలో ఉన్నావు, ఎడారిలో మా మెకానిక్కుల పని నీకు తెలీదు. మూడు పాడైనవి కలిపి బాగున్నదొకటి చేసేవాళ్ళం. అందులోనూ శత్రువు విమానం చేజిక్కిందంటే దాని ముద్దూముచ్చటా చెప్పక్కర్లేదు. దాని మీద మన అక్షరాలు రాసుకోవాలి, లేని తోక తగిలించాలి, పక్కన నిలబడి ఫోటో దిగాలి. ఎవరి తోక ఎవరికి అతికించామో ఎక్కడా రాసిపెట్టేవాళ్ళం కాదు.

ఇరవై మూడున రా. మీ స్నేహితుడు రానంటే నేనూ రాను, ఆయన్ని షెడ్డు బయట నిలబెట్టి నేను లోపలికి ఎలా రాగలను అని రేబైన్ రాశాడు. అతనికి గుండె జబ్బు. వచ్చే ఏడాదికి చూద్దాంలే అనుకునే వయసు మనలో ఎవరికీ లేదు. పైగా నువ్వు రాకపోతే అతనికి టీ నేను కాచివ్వాలి. ఆ పాపం నీకెందుకు.

ఎప్పటికీ నీ
విల్ఫ్

తా.క. పైన ఒక అబద్ధం రాశాను. గత గురువారం తెలిసిందన్నది నిజం కాదు. నాకు మొదటినుంచీ తెలుసు. ఆ చుక్కాని బిగించింది నేనే, నలభై రెండు నవంబరులో. మూడు మైళ్ళ అవతల ఇసుకలో పడున్న ఇంకో జర్మన్ విమానం నుంచి విప్పి తెచ్చాను. దాన్ని నడిపినవాణ్ణి పక్కనే పాతిపెట్టి, రెండు చెక్కముక్కలు శిలువగా కట్టారు. మీ లెన్‌ని చంపింది అతను. నువ్వు కోప్పడ్డానికి ఇంక ఎవరూ మిగల్లేదు, నేను తప్ప.

పదకొండేళ్ళ కిందట నువ్వు షెడ్డుకి మొదటిసారి వచ్చి, ఆ నాలుగో గీత మీద అరచెయ్యి పెట్టి అరగంట నిలబడ్డావు. తర్వాత కోటు విప్పి, పనేమైనా ఉందా అని అడిగావు. అప్పటికి మా డోరిస్ పోయి రెండు నెలలు. ఇంట్లో నాతో మాట్లాడే మనిషి లేదు. ఆ గీత ఈ విమానానిది కాదంటే నువ్వు మళ్ళీ రావని భయపడ్డాను. ఆ భయం ఇవాళ కూడా ఉంది, సిరిల్.

చుక్కానిని నీ బల్ల మీద పెట్టి దుప్పటి కప్పాను. అది నీది, ఇంటికి పట్టుకుపో. రేబైన్ వచ్చేలోగా విమానానికి కొత్తది చెయ్యాలి, గీతలు లేనిది. నా ఒక్కడి వల్లా కాదు. గురువారం పదింటికి నీ కప్పు కడిగి ఉంచుతాను.