పచ్చలైటును నమ్మవద్దని మనవి

మంచినీళ్ళ స్టేషన్ల పై అధికారి గారి సముఖమునకు, మూడో వీధి మలుపులోని స్టేషన్ కాపలాదారు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా స్టేషన్ నీళ్ళు చెడిపోయినవనియు, అయినను లైటు పచ్చగానే వెలుగుచున్నదనియు, అందులో సగం తప్పు నాదేననియు తెలుపుకొని, ఇవాళే వచ్చి కుళాయి మూయించమని కోరుట గురించి.

నేను మా ఊరి బడిలో ఎనిమిది వరకు చదివితిని. అర్జీ అంటే గ్రాంథికంలోనే ఉండాలని మా మాస్టారు చెప్పేవారు. నడుమ వాడుక భాషలోకి జారిపోతే మన్నించగలరు.

1. సదరు స్టేషన్‌లో నీటి గొట్టానికి ఒక కడ్డీ అమర్చబడియున్నది. అది నీళ్ళను తాకి చూసి, మంచివైతే పచ్చలైటు, చెడ్డవైతే ఎర్రలైటు వెలిగిస్తుంది. ఎర్రలైటు పడితే కుళాయి దానంతటదే మూసుకుపోతుంది, ఆ కబురు తమ ఆఫీసు తెర మీదికి వెళ్తుంది. ఇది తమకు తెలిసినదే. తెలిసిన సంగతి ముందు రాస్తే తెలియని సంగతి మింగుడు పడుతుందని రాశాను.

2. వానలు మొదలైన కొత్తలో తొలిసారి ఎర్రలైటు పడింది. తమ మెకానిక్ రావడానికి పదకొండు రోజులు పట్టినది. ఆ పదకొండు రోజులూ జనం ఊరి చివరి కాలువ నీళ్ళు మోసుకున్నారు. పోతూ పోతూ నన్ను తిట్టి పోయేవారు. "అలా కూర్చునే బదులు ఆ కుర్చీనైనా ఇచ్చెయ్యవయ్యా, బిందె దించుకోవడానికి పనికొస్తుంది" అన్నాడు ఎదురింటి ఇస్త్రీ ఆయన. పన్నెండో రోజు మెకానిక్ వచ్చి, కడ్డీ ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, తన సీసాలోని నీళ్ళలో ముంచాడు. పచ్చలైటు! "కడ్డీకి మట్టి పట్టింది బాబాయ్, నీళ్ళకేం లేదు" అని బిగించి వెళ్ళిపోయాడు. గొట్టం ఎటు నుంచి వస్తోందో ఆయన చూడలేదు. చూడమని నేనూ అనలేదు.

3. వారం తిరక్కుండా మళ్ళీ ఎర్రలైటు. ముప్పైమంది వరసలో ఉన్నారు. మళ్ళీ పదకొండు రోజులంటే నన్ను కుర్చీతో సహా కాలువలో కలిపేస్తారు. ఎలాగూ తప్పు కడ్డీదే కదా అనుకున్నాను. లోపల తలుపు వేసుకుని దాన్ని ఊడదీసి, రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టి, మా ఆవిడ నా కోసం పంపిన తాగే నీళ్ళ స్టీలు గ్లాసులో ముంచాను. పచ్చగా వెలిగింది. ఏడ్చే పిల్లాడి నోట్లో పాలపీక పెట్టినట్టు ఊరుకుంది. జనం నన్ను దీవించారు.

అయ్యా, అది మొదలు మూడు నెలలుగా ఆ కడ్డీ ఆ గ్లాసులోనే ఉంది. రోజూ పొద్దున్నే నీళ్ళు మార్చేవాణ్ణి. అంటే తమ ఆఫీసు ఇన్నాళ్ళూ పరీక్షించినది వీధి నీళ్ళను కాదు, మా ఆవిడ కాచి వడగట్టిన గ్లాసెడు నీళ్ళను. "అత్యుత్తమ నాణ్యత" అని తమరు పంపిన ప్రశంసాపత్రం స్టేషన్ గోడకే ఉంది. న్యాయంగా అది మా వంటింట్లో ఉండాలి.

4. మా పెద్దక్క పక్క వీధిలో ఉంటుంది. రోజూ రెండు క్యాన్లు ఇక్కడే పట్టుకెళ్ళేది. "నాకు లైటెందుకే, పక్కన మా తమ్ముడు కూర్చుంటేనూ" అని అందరితో అనేది. నాలుగు రోజుల క్రితం వాంతులు, విరేచనాలతో ఆసుపత్రిలో పడింది. చూడ్డానికి వెళ్తే అదే వార్డులో మా స్టేషన్ నీళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు ఇంకా ఆరుగురున్నారు. సెలైన్ ఎక్కుతూనే ఒకాయన "లైను పెద్దదేనా ఇవాళ?" అని అడిగాడు. మెట్లు దిగుతుంటే మేనకోడలు ఖాళీ సీసాతో ఎదురొచ్చింది.

"మావయ్యా, ఇక్కడి నీళ్ళు అమ్మకి సయించడం లేదు. తమ్ముడి నీళ్ళే తెమ్మంటోంది."

ఆ సీసా తీసుకుని మా ఇంటికి పరుగెత్తాను, స్టేషన్‌కి కాదు. కాచిన నీళ్ళు పోసిచ్చాను. అక్కకి ఇంట్లోవి, ఊరికి కుళాయివి. ఆ క్షణాన నా బతుకు మీద నాకే అసహ్యమేసింది.

5. ఆ రోజే గొట్టం వెంట వెనక్కి నడిచి చూశాను. మురుగు కాలువ దాటే చోట అతుకు ఊడి, గొట్టం మురుగులో నానుతోంది.

6. వెంటనే కడ్డీని దాని చోట బిగించాను. ఎర్రలైటు పడుతుందని నిలబడి చూశాను. పడలేదు. తమ ఆఫీసుకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి ఎత్తింది.

"మీ స్టేషన్ పచ్చగానే ఉందండి."

"అదే నా కంప్లైంటు తల్లీ."

"పచ్చగా ఉంటే కంప్లైంటు ఎక్కదండి. ఎర్రబడాలి."

పాపం, ఎవరినో అడిగొచ్చి మరీ చెప్పింది. ప్రశంసాపత్రం అందుకున్న స్టేషన్ ఉన్నట్టుండి చెడ్డగా చూపిస్తే మిషన్ నమ్మదట. కడ్డీ పొరపాటు అనుకుని పాత అంకెలే చూపిస్తుందట. పది రోజులు వరసగా చెడ్డగా వస్తేనే ఎర్రబడుతుందట. నాలుగయ్యాయి. ఇంకా ఆరున్నాయి.

7. జనానికి చెప్పాను. వరసలో ముందున్న టైలరమ్మ నవ్వింది. "లైటు కంటే నీకెక్కువ తెలుసా?" అంది.

"ఆ లైటును మోసం చేసింది నేనేనమ్మా."

"నువ్వా! సెల్‌ఫోన్లో టైము సరిచేసుకోవడం రాక రోజూ గంట ముందొచ్చి కూర్చుంటావు. నువ్వు మిషన్‌ని మోసం చేశావా?"

వరసంతా గొల్లుమంది. ఆయుష్షంతా అందరినీ నవ్వించాను, ఇప్పుడు నిజం చెబితే అదీ నవ్వులాటే అయింది. వాల్వు కట్టేస్తే నన్ను పక్కకి జరిపి తిప్పుకున్నారు.

కావున తమరిని వేడుకొనునది ఏమనగా, తక్షణమే కుళాయి మూయించి, అతుకు వేయించి, అంతవరకు ట్యాంకర్ పంపవలెను. ఎర్రలైటు పడిన రోజే ట్యాంకర్ వస్తుందని తెలిస్తే ఏ కాపలాదారూ గ్లాసు వెతుక్కోడు. కడ్డీని నా వంటి వాడి చేతికందని చోట పెట్టి సీలు వేయించండి. ఊడదీస్తే మోగే గంట పెట్టించండి. కుళాయి మూతి దగ్గర రెండో కడ్డీ ఉంటే ఒకటి అబద్ధమాడినా రెండోది చెబుతుంది. కడ్డీ చూసిన అంకె చూసినట్టే జనానికి కనబడనివ్వండి, మిషన్ మొహమాటపడనక్కర్లేదు. నెలకోసారి ఒక మనిషి వచ్చి, నీళ్ళు పరీక్ష చేసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. పచ్చగా ఉన్నా ఫిర్యాదు తీసుకోవాలి.

నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా, కేసు పెట్టినా కట్టుబడియుందును. ముందు కుళాయి, తరువాత నేను. ఆ వరసలోనే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మూడు నెలలు గ్లాసుకు కాపలా కాసినవాడు

తా.క. పైదంతా నిన్న రాసినది. ఇవాళ పొద్దున స్టేషన్ తెరవక ముందే నిచ్చెనేసుకుని, కుళాయికి నీళ్ళొచ్చే పై ట్యాంకులో బట్టలకు వేసే ఎర్రరంగు పొట్లం కలిపాను. మిషన్ ఎర్రబడకపోతే నీళ్ళే ఎర్రబడ్డాయి. మొదటి బిందె టైలరమ్మదే. చూసి కెవ్వుమంది, వీధిలో పారబోసి నా ఏడు తరాలనూ తిట్టింది. వరస మొత్తం వెళ్ళిపోయింది. ఎవరూ ఒక్క చుక్క తాగలేదు. పైన లైటు ఇంకా పచ్చగానే ఉంది.

అక్కకీ తెలిసింది. "బంగారం లాంటి నీళ్ళు పాడుచేశావట, నీకేం పోయేకాలంరా" అని కబురు పెట్టింది. తిట్టే ఓపిక వచ్చినందుకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. సాయంత్రం వెళ్ళి ఈ అర్జీ నకలు చదివి వినిపిస్తాను. ఆ తర్వాత ఏమంటుందో తెలియదు.

రంగు రెండు రోజులకి మించి నిలవదని కొట్టతను చెప్పాడు. నా దగ్గర ఇంక ఒక్క పొట్లమే ఉంది. త్వరగా రండి సార్.