మాట రాని టీవీ

తమ్ముడూ, టీవీ విప్పకు. కొత్త స్పీకర్ కూడా కొనకు. మెకానిక్ వచ్చి చూశాడు, సెట్టు శుభ్రంగా ఉంది. అతను సౌండ్ మొత్తం పెంచేసరికి నేను చెవులు మూసుకున్నాను. పక్కనే కూర్చున్న అమ్మ మాత్రం, "ఇంకా మాట రావడం లేదు బాబూ" అంది. పోయింది టీవీ కాదురా, అమ్మ చెవులు! ఒకే ఇంట్లో ఉండి మనకు తెలియకపోవడమేంటి? చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. పాలు కాచి మూతపెట్టు, నువ్వూ తిన్నగా అక్కడికే రా.

మరిచాను. రోజూ గుమ్మంలోంచి "వెళ్లొస్తానమ్మా" అని కేకేసి పోతావు కదా, అదీ అమ్మకు వినపడడం లేదు. ఇప్పుడే చెప్పులేసుకుంటూ అడిగింది, "చెప్పకుండా వెళ్లిపోతున్నాడు, వాడికి నా మీద కోపమేంటే?" అని.