ఆపేసినా వెలిగే దీపం

ప్రియమైన బాబాయ్,

నువ్వు బాగుచేసి పంపిన కంప్యూటర్ చేరింది. నీ మాట విని ముఖ్యమైన సంగతులు ఉత్తరంలోనే రాస్తున్నాను. పత్రికలో పదేళ్లు పనిచేసినా ఇంత భయం ఎప్పుడూ వేయలేదు. ఆస్పత్రిలో గడువు తీరిన మందులు ఎక్కిస్తున్నారని ఒక నర్సు నాకు కాగితాలు తెచ్చి ఇస్తోంది. ఆమె ఎవరో నాకు తప్ప ఎవరికీ తెలియదు. నాకేమైనా అయితే ఆమెను చూసుకోవడానికి ఇంకొకరికి తెలియాలి కదా. పేరు ఈ కాగితం వెనక రాశాను.

నీ అమ్మడు

చిట్టితల్లీ,

బెంగ పెట్టుకోకు. మీట నొక్కగానే కంప్యూటర్‌లో ముందుగా లేచేది ప్రాసెసర్ కంపెనీవాళ్ల ఫర్మ్‌వేర్. అది యంత్రాన్ని లేపి నడిపించే మూల ప్రోగ్రాం, అందులో ఏం రాశారో మనకు చూపించరు. అది మొత్తం తీసేసి, ఎవరైనా చదువుకోగలిగే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ ఎక్కించాను. కళ్లద్దాలు తుడుచుకుంటూ ప్రతి వరుసా చదివాను. నా డొక్కు కంప్యూటర్ సంగతంటావా, ముసలాడి దాంట్లోకి ఎవడు తొంగి చూస్తాడు?

నీ కాగితం కాల్చేశాను. పేరు భద్రంగా దాచాను, నా మతిమరుపు నీకు తెలిసిందేగా.

ఆశీస్సులతో, బాబాయ్

బాబాయ్,

కథనం ఇంకా అచ్చు కాలేదు. సోమవారం ఆస్పత్రివాళ్లు నర్సును పేరు పెట్టి పిలిచి పై అంతస్తుకు తీసుకెళ్లారట. ఆమె ఇంటికి రాలేదు. వాళ్లమ్మ ఇంకా ఆమెకు కంచం పెట్టి కూర్చుంటోంది.

నా కంప్యూటర్ ఆపేసి ఉన్నా, వెనక ఇంటర్నెట్ వైరు గుచ్చే చోట చిన్న దీపం మిణుకుతోంది. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. గుడ్డ కప్పినా కనిపిస్తోంది. నిజం చెప్పు, మొత్తం తీసేశావా?

అమ్మడు

తల్లీ,

తీయలేదు. ఒక ముక్క మిగిలింది. దాన్ని తీస్తే అరగంటకే కంప్యూటర్ ఆగిపోతుంది. మనం ఆపేసినా అది మెలకువగానే ఉంటుంది, దాని తాళం కంపెనీ దగ్గరే ఉంది. ముప్పై ఏళ్లు ఈ పనే చేసి, నా వల్ల కాలేదని నీతో చెప్పడానికి సిగ్గేసింది. కంచే చేను మేసింది. తప్పు నాదే.

బాబాయ్

బాబాయ్,

నిన్ను తిడుతూ మూడు కాగితాలు రాసి చించాను. అప్పుడు గుర్తొచ్చింది. నా కంప్యూటర్‌లో ఆమె పేరు ఒక్కసారి కూడా కొట్టలేదు. అన్నిచోట్లా 'అక్క' అనే రాశాను. పేరు రాసింది నీకు పంపిన కాగితం వెనక మాత్రమే.

అది కాల్చేశావు. పేరు మాత్రం నీ డొక్కు కంప్యూటర్‌లో దాచావు కదా? ఆ తాళం సంపాదించినవాళ్లు ముందు నాకు దగ్గరివాళ్లు ఎవరా అని ఆరా తీసి, నీ దాంట్లోకి దూరి ఉంటారు. అందరివీ బాగుచేసి నీదొక్కటే వదిలేశావు. నీ మీద కోపం కూడా రావడం లేదు బాబాయ్, భయమేస్తోంది.

వాళ్లమ్మ ఇవాళ కూడా కంచం పెట్టింది.

ఇది చదివి నీ కంప్యూటర్ ఆపేద్దామని లేస్తావేమో. ఆపేసినా ఆగదని నువ్వే రాశావు.

అమ్మడు